అమ్మ ఎక్కని మెట్లు

ఫిబ్రవరి 3

చెల్లీ,

రోజూ ఫోన్లో మాట్లాడుకునే వాళ్ళం కదా, అక్క ఉత్తరం ఎందుకు రాసిందా అని కవరు అటూ ఇటూ తిప్పి చూసి ఉంటావు. ఫోన్లో అయితే అమ్మ పక్కనే ఉంటుంది. ఆమెకి సరిగ్గా వినపడదని నువ్వు స్పీకరు పెడతావు. నేను నీతో అనాలనుకున్న మాట గదంతా వింటుంది. ఐదు నెలలుగా ఆ మాట మింగుతూనే ఉన్నాను, ఇంక మింగుడు పడక కలం పట్టుకున్నాను. అమ్మ కంట పడకూడదని ఇంటికి కాకుండా నీ ఆఫీసు అడ్రసుకి పంపుతున్నాను. హైస్కూలు దాటాక ఇంత పొడుగు రాయడం ఇదే మొదలు. తప్పులుంటే నవ్వుకో, దిద్దకు.

పోయిన ఆదివారం మీ బావ ఫోనుకి నువ్వొక కాగితం ఫొటో పంపావు. అమ్మ వంటికి మీ ఆఫీసు వాళ్ళు కట్టిన పెట్టెలు ఆ వారమంతా ఆమె ఏం చేసిందో చెప్పాయట. నడక రోజుకి గంటా యాభై నిమిషాలు. మెట్లెక్కడం వారంలో పద్నాలుగు సార్లు. మీ బావ గట్టిగా చదివి, "చూశావా, మీ అమ్మ పరుగు పందేనికి తయారవుతోంది" అని నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరవాత ప్రార్థనకి కూర్చుంటే కళ్ళు మూసినా ఆ అంకెలే కనపడ్డాయి.

ఆరేళ్ళు అమ్మ నా దగ్గర ఉంది. మంచం, కిటికీ దగ్గర కుర్చీ, స్నానాల గది, అంతే ఆమె తిరుగుడు. మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికందించాను. ప్యాంటు అంచులు మడిచి కుడుతున్నా, జిప్పు మారుస్తున్నా, ఒక చెవి ఆమె వైపే ఉండేది. మూడో అంతస్తు ఇంట్లోంచి ఆమెని ఒక్క మెట్టు దింపలేదు, పడుతుందేమోనని. నా ఇంట్లో ఆరేళ్ళు కూర్చున్న మనిషి నీ ఇంట్లో మెట్లెక్కుతోందంటే చూసేవాళ్ళు ఏమనుకుంటారు? చూసేవాళ్ళని వదిలెయ్. నేనేమనుకోవాలి?

నా కడుపులో రాళ్ళు తీసినప్పుడు బరువులు ఎత్తొద్దన్నారని, ఆరు వారాల కోసం అమ్మని నీ దగ్గరికి పంపాను. ఆరు వారాలు ఎప్పుడో అయిపోయాయి.

ఇంకొకటి. ఆ కాగితంలో "కూర్చోవడం ఐదు గంటలు" అని ఉంది. అందులో అమ్మ ప్రార్థన ఎంతసేపు? విడిగా రాయరా?

నీ మేలు కోరే
అక్క

ఫిబ్రవరి 9

అక్కా,

నీ ఉత్తరం మా గుమాస్తా తెచ్చి బల్లమీద పెట్టి, "ఏంటి మేడం, కోర్టు నోటీసా?" అన్నాడు. చదివాక అతనన్నదే నిజమేమో అనిపించింది.

ముందు పెట్టెల సంగతి చెప్తాను. నువ్వు వాటిని గూఢచారులనుకుంటున్నట్టున్నావు. అగ్గిపెట్టంత ఉంటాయి, సాగే పట్టీతో మణికట్టుకి ఒకటి, నడుముకి ఒకటి, చీలమండకి ఒకటి. వాటికి కళ్ళు లేవు, చెవులు లేవు. ఎటు వంగాం, ఎంత వేగంగా కదిలాం అన్నది మాత్రమే తెలుసు. అదంతా కంప్యూటర్లో గీతల్లా వస్తుంది. ఆ గీత పక్కన వీడియో పెట్టుకుని, ఇక్కడ పడుకున్నారు, ఇక్కడ కూర్చున్నారు, ఇక్కడ నిలబడ్డారు, నడిచారు, మెట్లెక్కారు అని క్షణం క్షణం రాయడం నా ఉద్యోగం. ఆ ఐదు పేర్లే ఉన్నాయి. నేను వెయ్యి గంటలు రాసి పెడితే, కొత్త మనిషి గీత చూసి యంత్రమే "ఇది నడక" అంటుంది. రేపు ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు మంచం దిగడం మానేస్తే ఎవరికైనా తెలియాలని ఇదంతా.

దాన్నేం పెద్ద తెలివిగలదనుకోకు. మొదటి నెలలో ఒకాయన బిడ్డని భుజాన వేసుకుని ఊపుతుంటే నడక అంది. ఒకావిడ పరుపు దులుపుతుంటే మెట్లెక్కుతోంది అంది. ప్రార్థన సంగతి అడిగావు కదా, అది కూర్చోవడంలోకే పోతుంది. యంత్రానికి మోకాలు తెలుసు, అంతకన్నా లోపలికి పోలేదు.

ఇక అమ్మ. ఆమె వచ్చిన మూడో రోజే నాకు సెలవు అయిపోయింది. భయపడుతూ ఆఫీసుకెళ్ళాను. సాయంత్రం వచ్చేసరికి బఠాణీలన్నీ ఒలిచి గిన్నెలో పోసి, పైన పళ్ళెం మూత పెట్టి ఉంది. ఆ గిన్నె ఉండేది పై అరలో, అక్కా. ఇప్పుడు మధ్యాహ్నాలు నాతో ఆఫీసుకీ వస్తోంది. లిఫ్టు ఉన్నా ఎక్కదు. "అందులో అద్దం పెట్టారు, ఈ వయసులో నా మొహం నాకెందుకు చూపించడం" అంటుంది. అలా మెట్లు.

అక్క ఇంట్లో ఎందుకు ఇలా తిరగలేదమ్మా అని నేనే అడిగాను. "నేను లేవాలి అనుకునే లోపు అది లేచేది" అంది. అంతే అంది. తప్పు పట్టి కాదు.

పంపను అనలేదు. అమ్మే "చూద్దాంలే" అంటోంది.

నీ
పిచ్చుక

ఫిబ్రవరి 15

చెల్లికి,

నిన్ను పిచ్చుక అని పిలిచింది నేనే. ఆ పేరు సంతకం పెట్టి ఇంత పెద్ద రాయి విసురుతావనుకోలేదు.

"నేను లేవాలి అనుకునే లోపు అది లేచేది." ఈ ముక్క నాలుగు రోజులుగా నాతోనే తిరుగుతోంది. సూదిలో దారం ఎక్కిస్తుంటే అదే. నేను లేచింది తప్పు అయిందన్నమాట. నువ్వు ఆమెని ఇంట్లో వదిలేసి ఆఫీసుకి పోయింది మేలు అయింది. డెబ్భై ఆరేళ్ళ మనిషి స్టూలెక్కి గిన్నె దించిందో, చెయ్యి చాచి దించిందో నువ్వు రాయలేదు. బఠాణీలు ఒలిపించుకోవడం, ఆఫీసుకి తిప్పుకోవడం, పెట్టెలు కట్టి లెక్క పెట్టుకోవడం. అమ్మ నీకు అమ్మా, పనిమనిషా, పాఠమా?

చిన్నప్పుడూ ఇంతే. జడ వేయించుకోవడానికి నేను అమ్మ ముందు కూర్చోగానే నీకు కడుపునొప్పి వచ్చేది. సగం జడతో నేను బడికి పోయేదాన్ని. దేవుడి దయవల్ల అవన్నీ మర్చిపోయాననుకున్నాను.

ఒక పని చెయ్యి. ఆ పెట్టెలతోనే అమ్మని పది రోజులు ఇక్కడికి పంపు. నా ఇంట్లో అమ్మ ఎలా ఉంటుందో అదీ కాగితం మీదికి రానీ. ఒక వైపు మాత్రమే తూచిన తక్కెడ నాకొద్దు.

అక్క

ఫిబ్రవరి 20

అక్కా,

మా మేడంని అడిగాను. మనుషులు ఇల్లు మారితే కదలిక మారుతుందా అన్నది ఆవిడకీ కావాలట, సరే అంది. వచ్చే శనివారం బావని బస్టాండుకి పంపు. అమ్మ తొమ్మిదిన్నరకి దిగుతుంది.

పెట్టెలు అమ్మ సంచిలో పసుపురంగు డబ్బాలో ఉంటాయి. పొద్దున స్నానం అయ్యాక కట్టాలి, పడుకునే ముందు విప్పాలి. కాగితాలు పది పెట్టాను, రోజుకొకటి. అక్కడ కెమెరా ఉండదు కాబట్టి అమ్మ ఏ టైముకి ఏం చేసిందో నువ్వే రాయాలి. గీతనీ నీ రాతనీ పక్కపక్కన పెట్టి చూస్తాం. నువ్వు రాసిందే మాకు ఆధారం. అమ్మ నంబరు ముప్పై ఒకటి, పేరు ఎక్కడా రాయకు.

పనిమనిషి మాటకి బాధపడ్డాను. జడ మాటకి నవ్వొచ్చింది. కడుపునొప్పి నిజంగానే వచ్చేదే, ఒట్టు.

చెల్లి

మార్చి 14

చెల్లికి దీవెనలు,

అమ్మ క్షేమంగా చేరిందని ఫోన్లో విన్నాను. నీ డబ్బా, పది కాగితాలు ఆమె సంచిలోనే ఉన్నాయి, చూసుకో.

ఈ పది రోజులు ఇల్లు ఇల్లులా ఉంది. వచ్చిన రోజు అమ్మ కింద నిలబడి "నేనెక్కుతాలే" అంది. నేను ఒప్పుకోలేదు. మీ బావా, కింది ఇంటి ఎలక్ట్రీషియనూ కుర్చీలో కూర్చోబెట్టి మూడంతస్తులూ మోసుకొచ్చారు. దారి పొడుగునా "నన్నేం చేసుకుందామని తీసుకుపోతున్నారు నాయనా" అని అమ్మ, నవ్వాపుకోలేక వాళ్ళిద్దరూ. మధ్యలో ఒకసారి దించాల్సి వచ్చింది, బరువుకి కాదు, నవ్వుకి.

తరవాత నెమ్మదిగా అలవాటైంది. కాగితాలు చూస్తే నీకే తెలుస్తుంది. నడక నీ ఇంట్లో కన్నా ఎక్కువే ఉంటుంది. మెట్లు రోజుకి రెండు సార్లు, మూడు సార్లు. మధ్యాహ్నం మూడున్నరకి ఎండ తగ్గాక ఎక్కువగా. అమ్మకి నా దగ్గర కాళ్ళు పడిపోలేదని నీ యంత్రం కూడా ఒప్పుకుంటుంది.

పంపను అనలేదు అని రాశావుగా, ఇక ఆ మాట నిలబెట్టుకో. ఈ నెలాఖరుకి అమ్మని పూర్తిగా నా దగ్గరికి పంపెయ్.

అక్క

మార్చి 22

అక్కా,

నీ కాగితాలు నిన్న తెరిచాను. ఈ ఉత్తరం రెండుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను.

యంత్రం నువ్వు రాసినదాన్నే ఒప్పుకుంది. మూడున్నరకి మెట్లెక్కడం అని నువ్వు రాశావు, మెట్లెక్కడం అని అదీ అంది. అది ఏం చేస్తున్నారో చెప్తుంది గానీ ఎవరు చేస్తున్నారో చెప్పలేదు. నేను చెప్పగలను. అమ్మ గీతలు ఇన్ని నెలలుగా నా కళ్ళ ముందున్నాయి. అమ్మ కుడికాలు పై మెట్టు మీద పెట్టి, ఎడమకాలు దాని పక్కకి చేర్చి, అప్పుడు మళ్ళీ కుడికాలు పెడుతుంది. నువ్వు పంపిన గీతలో కాలు తరవాత కాలు, మెట్టుకొకటి. ఇది అమ్మ కాదు. అమ్మ నిద్రపోయాక పెట్టెలు విప్పి నువ్వు కట్టుకున్నావు.

ఎందుకు చేశావో నాకు అర్థమైంది. అమ్మని మెట్లెక్కించడానికి నీకు మనసొప్పలేదు, కాగితం ఖాళీగా పంపడానికీ మనసొప్పలేదు. కోపం రాలేదు. ఆ మాట వదిలెయ్.

నాకు భయం వేసింది వేరేదానికి. మొదటి రోజు ఎనిమిది మెట్లెక్కి ఆగావు, నలభై సెకన్లు. ఇంకో ఆరు ఎక్కి ఆగావు, నిమిషం పైన. ఐదో రోజుకి నాలుగు మెట్లకే ఆగుతున్నావు. మణికట్టు పెట్టె అసలు ఊగలేదు, అంటే కమ్మీ పట్టుకుని ఒంటిని పైకి లాక్కున్నావు. ఆగినప్పుడు కాలి పెట్టె ఆగింది గానీ నడుము దగ్గర పెట్టె ఆగలేదు. ఊపిరికి పైకీ కిందికీ కదులుతూనే ఉంది. తొమ్మిదో రోజు ఒక చోట కూర్చుండిపోయావు, పదకొండు నిమిషాలు. మెట్లమీదేనా అక్కా?

ఆ పది రోజుల కాగితాలు లెక్కలోంచి తీసెయ్యాలి కాబట్టి మేడంకి నిజం చెప్పక తప్పలేదు. ఆవిడ కోప్పడలేదు. గీత చాలాసేపు చూసి, "మీ అక్కగారిని డాక్టరుకి చూపించారా?" అంది.

ఎప్పటినుంచి ఇలా ఉంది? బావకి తెలుసా?

నీ
పిచ్చుక

మార్చి 27

దొంగని పట్టుకున్నావు. ఆఫీసులో అందరికీ చూపించావు. ఆ మేడంగారికి నా ఊపిరి ఎలా ఉందో కూడా తెలుసు. సంతోషమేనా?

అవును, నేనే కట్టుకున్నాను. "అమ్మ మెట్లెక్కింది" అని నా చేత్తో పదిరోజులు అబద్ధం రాశాను. దానికి దేవుడి ముందు ఏం చెప్పుకోవాలో చెప్పుకున్నాను, నీ ముందు చెప్పుకోనక్కరలేదు. యాభై దాటిన ఆడవాళ్ళకి ఆయాసం రాదా? మూడంతస్తులు నువ్వెక్కు, చూద్దాం.

అమ్మని ఉంచుకో. గెలిచావు. ఇక ఉత్తరాలు వద్దు.

ఏప్రిల్ 2

అక్కా,

వద్దన్నా రాస్తున్నాను. ఫోను నువ్వు ఎత్తవు, ఎత్తిన బావేమో నువ్వు నిద్రపోతున్నావంటారు. పొద్దున పదింటికి నువ్వు నిద్రపోతావా?

నిన్న బావకి అంతా చెప్పేశాను. కాగితం సంగతి కాదు, ఆయాసం సంగతి. తిట్టుకో. సోమవారం ఆసుపత్రికి తీసుకెళ్తానన్నారు. వెళ్ళకపోతే నేనే వచ్చి మోసుకెళ్తాను, ఆ ఎలక్ట్రీషియన్ని పిలిచి మరీ.

గెలిచావు అన్నావు. ఇది చదువు. అమ్మ ఇక్కడికి వచ్చిన రోజు నుంచి దుప్పటి మడత నాకు కుదరలేదు. నేను మడత పెట్టగానే మళ్ళీ విప్పి, "పెద్దదైతే అంచులు కలిపి మడుస్తుంది" అంటుంది. టీ ఇస్తే "పెద్దది ఇంకొంచెం వేడిగా ఇస్తుంది." నేను జ్వరంతో పడుకున్న రోజు నుదుటి మీద చెయ్యి వేసి, "ఇలాంటప్పుడు పెద్దది ఉండాల్సింది" అంది. నీకు నా కాగితం మీది అంకెలు చూస్తే కడుపు మండింది. నాకు రోజూ ఆ దుప్పటి చూస్తే మండుతుంది. ఇన్ని నెలలు నవ్వుతూ భరించాను కాబట్టి నీకు తెలియలేదు.

సోమవారం వెళ్ళు.

చెల్లి

మే 11

నా పిచ్చుకకి,

ఆసుపత్రి సంగతులు మీ బావ నీకు ఎప్పటికప్పుడు చెప్పారని తెలుసు. అయినా నా చేత్తో రాయాలి. గుండెలో ఒక కవాటం సన్నబడిపోయిందట, ఎన్నేళ్ళ నుంచో. తొడ దగ్గర నరంలోంచి తీగ పంపి వెడల్పు చేశారు. ఛాతీ కొయ్యలేదు. ఇంకో ఏడాది ఇలాగే మెట్లెక్కుతూ ఉంటే నా దాకా వచ్చేవారే కాదు అన్నాడు డాక్టరు. ఆ గీతలు నువ్వు పంపిన కాగితం మీద చూసి, "ఇది ఎవరు కనిపెట్టారు?" అని అడిగాడు. మా చెల్లి అన్నాను. అనేటప్పుడు గర్వంగానే ఉంది. నువ్వు కనిపెట్టావన్న కుళ్ళూ పక్కనే ఉంది. రెండూ ఒకే గదిలో సర్దుకుని ఉంటాయని నాకు ఈ వయసులో తెలిసింది.

నా ఆపరేషన్ అయ్యాక నువ్వు అమ్మని మళ్ళీ బస్సెక్కించిన రోజు ఇక్కడ ఏమైందో నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేను మంచం మీద ఉన్నాను. ఆరు వారాలు మెట్లు దిగకూడదు, ఎక్కకూడదు. కింద నుంచి మాటలు వినపడ్డాయి. మీ బావ కుర్చీ తేవడానికి పైకి వచ్చారు. అమ్మ కింద నుంచే, "ఆ కుర్చీలో నువ్వు కూర్చో అల్లుడూ, అలిసిపోయి ఉన్నావు" అంది. ఆ తరవాత ఆమె మెట్లెక్కడం మొదలుపెట్టింది.

నేను లేవబోయాను. మీ బావ భుజం పట్టుకుని ఆపారు. నా జన్మలో మొదటిసారి అమ్మ వస్తుంటే నేను పడుకుని ఉన్నాను. ఒక్కొక్క మెట్టు వినపడింది. రెండో అంతస్తు దగ్గర చాలాసేపు ఏమీ వినపడలేదు. ఎలక్ట్రీషియను భార్య తలుపు తీసి మంచినీళ్ళిచ్చినట్టుంది, ఇద్దరూ ఏదో మాట్లాడుకుని నవ్వారు. అన్నిటికన్నా ఆ నవ్వు నాకు ఎక్కువ కోపం తెప్పించింది, నేనిక్కడ చస్తుంటే అని. అంతలో మళ్ళీ అడుగులు. మీ బావ గుమ్మంలో నిలబడి లెక్కపెట్టారట, యాభై నాలుగు మెట్లు. ఒంటి మీద ఏ పెట్టే లేదు. ఏ కాగితం మీదికీ ఇది ఎక్కలేదు.

వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆమె ఆయాసం, నా ఆయాసం కాసేపు మాట్లాడుకున్నాయి. తరవాత నా చెయ్యి తీసుకుని మణికట్టు నిమిరి, "ఈ పట్టీ నీకు బిగుతుగా ఉండేది. ఎర్రగా చార పడేది" అంది. పది రోజులూ ఆమెకి తెలుసు. కళ్ళు మూసుకుని పడుకుని, నన్ను విప్పుకోనిచ్చింది, కట్టుకోనిచ్చింది.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాను.

"నా కోసం ఎక్కుతున్నావని తెలుసు. ఇంతలా ఎగపోస్తోందని తెలిస్తే తన్నేదాన్ని" అంది.

ఇప్పుడు ఆమె లేస్తుంది, నేను చూస్తాను. నీళ్ళు తెస్తుంది, సగం చాపమీద పోస్తుంది. వద్దనాలని నోటిదాకా వస్తుంది, అనను. ఎంత కష్టమో నీకు చెప్పలేను, ఆపరేషనే నయం. నాకు నయమయ్యాక ఎక్కడ ఉంటావమ్మా అని అడిగాను. "ఒకచోట కట్టెయ్యడానికి నేనేమైనా ఆవునా? కాళ్ళున్నాయి. ఇక్కడ విసుగొస్తే అక్కడికి, అక్కడ విసుగొస్తే ఇక్కడికి" అంది. ఇద్దరిలో ఎవరికీ పూర్తిగా దక్కదు. సరే అన్నాను.

ఇక ఒక్క మాట ఉంది, అది రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. నిన్న నువ్వు ఫోన్లో, "ఇల్లు బోసిగా ఉంది అక్కా, ఆఫీసు నుంచి వచ్చాక లైటు నేనే వేసుకోవాల్సి వస్తోంది" అన్నావు. నాకు జాలి వేసింది, నిజం. కానీ జాలి కన్నా ముందు ఇంకొకటి వచ్చింది. లోపల ఒక మూల నేను సంతోషించాను. ఇన్ని నెలలు నేను చూసిన ఖాళీ కుర్చీ ఇప్పుడు నువ్వు చూస్తున్నావని. నా ప్రాణం నిలబెట్టిన దాని మీద అలా అనిపించింది. పొద్దున ప్రార్థనలో ఇది చెప్పుకున్నాను. దేవుడికి చెప్పి నీకు దాస్తే, మళ్ళీ అబద్ధం కాగితం పంపినట్టే ఉంటుంది.

ఈ ఉత్తరాలన్నీ ఆ పసుపు డబ్బాలో పెట్టుకో. చించకు, నాకు తిరిగి పంపకు. అమ్మ నీ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం డబ్బా పై అరలో పెట్టకు, అక్కడికి ఆమె చెయ్యి అందుతుంది. ఆమె ఒక్కతే చూడకుండా ఉంటే చాలు, మిగతా ప్రపంచం ఏమనుకున్నా పరవాలేదు అని రాద్దామనుకున్నాను. అదీ అబద్ధమే. ఎవరికీ చూపించకు.

నీ అక్క